ఐదుసార్లు పుక్కిలించే నోటిని ఒకసారి చూసుకుందాం



గత మాసంలో ఒక రోగి పరామర్శకై నంద్యాల జిల్లా బండి ఆత్మకూరుకు వెళ్ళాము. కేసీ కాలువ నీటితో వరి పండే ప్రాంతమది. నాట్లు మొదలుకొని కోతల దాకా ఆడవారి రోజులు ఎక్కువగా పొలాల్లోనే గడుస్తాయి. మేము చూడబోయిన ఖాలా కూడా యాభై ఏళ్ళు దాటేవరకు అలా కష్టపడినవారే. తమలపాకులో వక్క, సున్నం, చిటికెడు పొగాకు చుట్టి ఎడమ బుగ్గలో పెట్టుకుని మడిలో దిగితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదట. ఆ అలవాటు ఆమెకు అత్తగారి నుండి వచ్చింది. అత్తగారికి ఎవరి నుండి వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు.

రెండేళ్ళ క్రితం ఆ ఎడమ బుగ్గలోనే తెల్లటి మచ్చ కనిపించింది. నొప్పి లేదు గనుక ఆమె పట్టించుకోలేదు. కొంతకాలానికి కూరలో కారం తగిలితే మంట పుట్టసాగింది. కారం మానేశారు. తరువాత రొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తినడం మొదలుపెట్టారు. వయసు మీద పడుతోంది, పళ్ళు కదులుతున్నాయి కాబోలునని ఇంట్లో వారు అనుకున్నారు. ఊళ్ళో మందులిచ్చే వారు వేడి చేసిందని బి కాంప్లెక్సు మాత్రలు, పూతమందు ఇచ్చారు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు మెడ దగ్గర గడ్డ తగిలినప్పుడు కర్నూలు తీసుకువెళ్ళారు. శస్త్రచికిత్సలో దవడ ఎముక కొంత తొలగించవలసి వచ్చింది. ఇప్పుడామె జావ మాత్రమే తాగగలుగుతున్నారు. మాట సగమే స్పష్టంగా వస్తుంది. ఆ సగం మాటతోనే మాతో ఇలా అన్నారు:

“మందులు మటుకు అందరూ ఇచ్చినారు బాబూ. నోరు తెరువమ్మా, చూస్తాను అని ఒక్కరూ అన్లేదు.”

మేము లేచే సమయానికి ఆమె కోడలు తలుపు చాటు నుండి ఒక ప్రశ్న వేసింది. “భాయీజాన్, నోట్లో నీలం లైటు వేసి చూస్తే క్యాన్సర్ ముందే తెలిసిపోతుందంటారు కదా, ఆ మిషను ఎక్కడుంది? మీ తమ్మునికి కూడా బుగ్గలో తెల్లగా ఉంది. గుట్కా మానలేదు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే, కోసి ముక్క తీస్తారు, ఆ లైటు మిషను మన దిక్కు వచ్చినాక చూపించుకుంటాలే అంటున్నారు.”

ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి సగం సమాధానమే ఇవ్వగలిగాము. మిగతా సగం ఈ నెల శీర్షికలో వ్రాస్తున్నాము. ఆ ప్రశ్న ఒక్క ఇంటిదే కాదని మాకు తెలుసు.

మచ్చ నుండి పుండు దాకా

నోటి క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టే వ్యాధి కాదు. బుగ్గల లోపలి భాగాన్ని, నాలుకను, చిగుళ్ళను కప్పి ఉంచే పలుచని పొర ఒకటుంది. పొగాకు, వక్క, సున్నం ఏళ్ళ తరబడి అక్కడే నిలిచి ఉంటే ఆ పొరలోని కణాలు క్రమంగా తమ స్వభావాన్ని మార్చుకుంటాయి. మొదట తెల్లటి మచ్చ రావచ్చు. తుడిచినా అది పోదు. దీనిని వైద్యులు ల్యూకోప్లేకియా అంటారు. ఎర్రటి మచ్చ వస్తే ఎరిత్రోప్లేకియా. ఇది తెల్లదానికంటే ప్రమాదకరమైనది. ఎక్కువగా వక్క, గుట్కా నమిలేవారికి బుగ్గల లోపల గట్టి పట్టీలు ఏర్పడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. దీని పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. మధ్య మూడు వేళ్ళను నిలువుగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోగలిగితే సాధారణంగా నోరు సరిగా తెరుచుకుంటున్నట్లే. రెండు వేళ్ళు మాత్రమే పడితే వైద్యునికి చూపించుకోవాలి.

ఈ మచ్చలన్నీ క్యాన్సర్లుగా మారవు. అయితే ఏది మారుతుందో, ఏది మారదో పైకి చూచి చెప్పడం కష్టం. మారబోయే దానిని ముందుగా పట్టుకుంటే చిన్న శస్త్రచికిత్సతో సరిపోవచ్చు. తొలి దశలో చికిత్స పొందిన వారిలో పదిమందికి సుమారు ఎనిమిది మంది ఐదేళ్ళు, ఆపైన జీవిస్తున్నారు. వ్యాధి మెడలోని గ్రంథులకు పాకిన తరువాత ఆ సంఖ్య బాగా పడిపోతుంది. మన దేశంలో రోగులలో సగానికి పైగా ఆ తరువాతి దశలోనే ఆసుపత్రి గడప తొక్కుతున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2020లో భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా సోకిన వారు 1 లక్ష 35 వేలకు పైగా ఉన్నారు. ఆ సంవత్సరమే 75 వేలకు పైగా మరణించారు.

‘నేను పొగాకు వేసుకోను, ఉత్త వక్కే’ అనే వారు మన ఇళ్ళలో అనేకులు. వారు ఒక సంగతి తెలుసుకోవాలి. పొగాకు కలపని వక్క కూడా మనుషులలో క్యాన్సర్ కలిగించేదేనని అదే సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో నిర్ధారించింది.

మన పల్లెలే పాఠశాల అయిన కాలం

ఈ వ్యాధి గురించి ప్రపంచం నేర్చుకున్న పాఠాలలో కొన్ని తెలుగు పల్లెల నుండి వెళ్ళినవే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో చుట్ట నిప్పుకొనను నోటి లోపల పెట్టుకుని తాగే ‘అడ్డపొగ’ అలవాటు ఉండేది. స్త్రీలలో అది మరీ ఎక్కువ. నిప్పు అంగిలి కిందనే మండుతుంది గనుక, ఇతర ప్రాంతాలలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ తరచుగా కనిపించేది. విశాఖపట్నంలోని వైద్యులు 1950ల నాటికే దీనిని గుర్తించి వ్రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా మొదలైన పరిశోధకులు 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల నోళ్ళను పరీక్షించి అంగిలిలో వచ్చే మార్పులను వివరంగా ప్రచురించారు.

అటు తరువాత ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధకులు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో 36 వేల మంది పొగాకు వాడకందారులను ఎంచుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి నోరు చూశారు. మచ్చను వారికే అద్దంలో చూపించి అలవాటు మానమని నచ్చజెప్పారు. 1986లో వెలువడిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అనేకులు మానుకున్నారు, తగ్గించుకున్నారు. అలా మానిన చోట కొత్త మచ్చలు పుట్టడం కూడా తగ్గింది. ఆ పరిశోధకుల చేతిలో నీలి దీపం లేదు. నోరు తెరిపించి ఓపికగా చూసే కన్ను, చెప్పే నోరు మాత్రమే ఉన్నాయి.

కాంతితో చూడటం అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ కోడలు అడిగిన దీపం సంగతికి వద్దాము.

చూపు గురించిన శాస్త్రంలో ముస్లిం పండితుల కృషి చిన్నది కాదు. బస్రాలో జన్మించి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ క్రితం ‘కితాబుల్ మనాజిర్’ను ఏడు భాగాలుగా రచించారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న పాత నమ్మకాన్ని ఆయన తర్కంతోను, ప్రయోగాలతోను ఖండించారు. వస్తువు నుండి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం వల్లనే మనకు చూపు కలుగుతుందని నిరూపించారు. నేటి పరికరాలు నిలబడింది కూడా ఈ పునాది మీదే. శరీరంలోని కణజాలం తనపై పడిన కాంతిని కొంత మింగుతుంది, కొంత వెనక్కి పంపుతుంది, కొంత రంగు మార్చి వెలువరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణజాలం పంపే కాంతికి, చెడిన కణజాలం పంపే కాంతికి తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టుకోవడమే ఈ పద్ధతులన్నింటి పని.

మొదటిది నీలి వెలుగు పద్ధతి. చీకటి గదిలో నోటి లోపలికి నీలి–ఊదా వెలుగును ప్రసరింపజేసి ప్రత్యేకమైన అద్దం ద్వారా చూస్తారు. ఆరోగ్యవంతమైన బుగ్గ లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. పై పొర కింద ఉండే కొల్లాజెన్ అనే పీచు, కణాలలో శక్తి తయారీకి తోడ్పడే కొన్ని పదార్థాలు ఈ మెరుపునకు కారణం. కణాలు దారి తప్పినప్పుడు పై పొర మందమవుతుంది, కింది పీచు చెదిరిపోతుంది, రక్తనాళాలు పెరుగుతాయి; మెరుపు తగ్గి ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. మామూలు వెలుగులో మచ్చ ఇంత వరకేనని తోచినది, నీలి వెలుగులో మరికొంత దూరం పాకి ఉన్నట్లు తెలియవచ్చు. శస్త్రచికిత్సకు ముందు ఎంత మేర తీయాలో నిర్ణయించుకోవడానికి ఇది సర్జన్లకు ఉపకరిస్తుంది.

రెండవది రక్తనాళాలను చూపించే పద్ధతి. ఎంచుకున్న నీలి, ఆకుపచ్చ వెలుగులను మాత్రమే ప్రసరింపజేస్తారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఈ రెండింటినీ బాగా మింగుతుంది గనుక సన్నని రక్తనాళాలు ముదురు రంగులో స్పష్టంగా కనిపిస్తాయి. మామూలుగా చిన్న ఉంగరాల్లా తీరుగా ఉండే ఈ నాళాలు, వ్యాధి ముదిరే కొద్దీ ఉబ్బి, మెలికలు తిరిగి, చివరకు తీరు తప్పుతాయి. గొంతు, జీర్ణకోశ పరీక్షలు చేసే ఎండోస్కోపీ యంత్రాలలో ఈ సదుపాయం ఉంటుంది.

మూడవది ఓసీటీ. 1991లో అమెరికాలో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతి మధుమేహం ఉన్న పెద్దలకు కొత్తేమీ కాదు. కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంటి లోపలి పొరల బొమ్మ తీసేది దీనితోనే. స్కానింగులో శబ్దతరంగాలు చేసే పనిని ఇక్కడ కంటికి కనిపించని పరారుణ కాంతి చేస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు వరకు పొరలను కోయకుండానే చూపిస్తుంది. నోటి పొర ఆ లోతులోనే ఉంటుంది గనుక దీనిపై పరిశోధకులకు ఆసక్తి కలిగింది.

నాలుగవది మన దేశం ప్రపంచానికి ఇచ్చినది. సర్ సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించి, 1930లో నోబెల్ బహుమతి పొందిన రామన్ ఫలితమే దానికి ఆధారం. ఒక పదార్థంపై లేజర్ కాంతి పడినప్పుడు అందులోని అణువులు చెదరగొట్టే కాంతిలో అతి స్వల్పభాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఆ అణువుల వేలిముద్ర వంటిది. నవీ ముంబయిలోని టాటా స్మారక కేంద్రానికి చెందిన ఆక్ట్రెక్ సంస్థలో డాక్టర్ సి. మురళీకృష్ణ బృందం ఏళ్ళ తరబడి నోటి క్యాన్సర్‌పై ఈ పద్ధతిని పరీక్షించింది. రోగుల బుగ్గకు సన్నని గొట్టాన్ని ఆనించి ఆరోగ్యవంతమైన భాగాన్ని, మచ్చ ఉన్న భాగాన్ని, గడ్డను వేర్వేరుగా గుర్తించవచ్చునని వారి పత్రాలు చూపాయి.

పరికరాలను పల్లెల దాకా చేర్చే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ప్రోత్సాహంతో ఎదిగిన సాస్కాన్ మెడిటెక్ ‘ఓరల్ స్కాన్’ అనే చేతి పరికరాన్ని 2020లో విడుదల చేసింది. ముక్క ఏ చోట నుండి తీస్తే వ్యాధి తప్పకుండా దొరుకుతుందో వైద్యునికి సూచించడం దాని ప్రధాన ప్రయోజనం. బెంగళూరులోని మజుందార్ షా కేంద్రం వైద్యులు, అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ ఇంజనీర్లు కలిసి స్మార్ట్‌ఫోనుకు అమర్చే నీలి వెలుగు పరికరాన్ని తయారుచేశారు. ఆరోగ్య కార్యకర్త తీసిన ఫోటోను దూరాన ఉన్న నిపుణుడు చూడగలిగేలా రూపొందించారు.

దీపం చెప్పలేనిది

ఇంత విన్న తరువాత, ‘అయితే ఆ మిషను కోసమే ఆగుదాము’ అనిపించవచ్చు. ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి.

నీలి వెలుగులో నల్లగా కనిపించినదంతా క్యాన్సర్ కాదు. పంటి గీరుడుకు పుట్టిన పుండు, చిగుళ్ళ వాపు, సహజంగా నోటిలో ఉండే నల్లటి రంగు కూడా నల్లగానే కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి పాన్ నమిలిన నోటిలోని కారలు, సూక్ష్మజీవులు ఈ వెలుగును మరింత తికమక పెడతాయి. కొన్ని మచ్చలు నల్లబడకుండానే ప్రమాదకరంగా ఉండవచ్చు. అందుచేతనే ప్రపంచవ్యాప్త పరిశోధనలను వడపోసి చూసే కోక్రేన్ సంస్థ 2015లో ఒక నిర్ణయానికి వచ్చింది. మచ్చ కనబడిన వారిలో ఇలాంటి సహాయక పరీక్షలలో ఏదీ ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసే బయాప్సీకి బదులు కాజాలదని తేల్చింది. దీపం ఎక్కడ అనుమానించాలో చెప్పగలదు. తీర్పు మాత్రం ముక్క పరీక్షదే.

ఆ ముక్క తీయడం గురించే మన వారికి భయం. కత్తి తగిలితే వ్యాధి పాకుతుందనే మాట ఊరూరా వినిపిస్తుంది. అది ఆధారం లేని భయం. మందు ఇచ్చి మొద్దుబార్చి పప్పుగింజంత ముక్క తీస్తారు. ఆ ముక్క తీయనివ్వక కాలం గడిపిన ఇళ్ళలోనే వ్యాధి పాకింది.

టార్చిలైటు సాక్ష్యం

మిషను లేని పల్లెలో ఏమి చేయాలన్నదానికి కేరళ నుండి గట్టి సమాధానం ఉంది. తిరువనంతపురం జిల్లాలో 1996లో డాక్టర్ రెంగస్వామి శంకరనారాయణన్ తదితరులు ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. 13 పంచాయతీ సముదాయాలలో ఏడింటిలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి 35 ఏళ్ళు నిండిన వారి నోళ్ళను వెలుగులో కంటితో పరీక్షించారు. మిగిలిన ఆరింటిలో మామూలు వైద్యసేవలు మాత్రమే కొనసాగాయి. రెండు వైపులా కలిపి 1 లక్ష 90 వేలకు పైగా ప్రజలు. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటు ఉన్న వారిలో, నోరు పరీక్షించిన పంచాయతీలలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తక్కువగా నమోదయ్యాయి.

ఆ కార్యకర్తలు వైద్యులు కారు. వారు చేసింది, మన ఖాలాకు ఎనిమిది నెలల పాటు ఎవరూ చేయని పని: నోరు తెరువమని అడగడం.

వుజూ తరువాత అర నిమిషం

మనకు ఐదు పూటలా వుజూ ఉంది. ప్రతి వుజూలోను మూడుసార్లు పుక్కిలిస్తాము. సముదాయానికి కష్టమవుతుందన్న శంక లేకపోతే ప్రతి నమాజుకు మిస్వాక్‌ను తప్పనిసరి చేసి ఉండేవారినని దైవప్రవక్త (స) తెలియజేశారు. నోటి శుభ్రతకు ఇంత స్థానమిచ్చిన ధర్మంలో పుట్టి, ఆ నోటి లోపల ఏముందో ఏళ్ళ తరబడి చూడకపోవడం మనలోని లోపం. నెలకు ఒక్కసారి, పగటి వెలుగు బాగా పడే చోట, వుజూ ముగిసిన తరువాత అద్దం ముందు నిలబడి ఇలా చూసుకోండి.

కట్టుడు పళ్ళుంటే తీసివేయండి. పెదవులను పైకి, కిందికి మడిచి లోపలి వైపు చూడండి. చూపుడు వేలితో రెండు బుగ్గలను ఒకదాని తరువాత ఒకటి బయటికి లాగి, చివరి పళ్ళ దాకా చూడండి. ఆకువక్క పెట్టుకునే వైపు మరింత శ్రద్ధగా చూడండి. తల వెనక్కు వాల్చి అంగిలి చూడండి. నాలుకను బయటికి చాపి, శుభ్రమైన గుడ్డతో కొన పట్టుకుని రెండు అంచులను చూడండి. నాలుకను పైకెత్తి కింది భాగం చూడండి. చివరగా దవడ కింద, మెడకు ఇరువైపులా వేళ్ళతో తడిమి గడ్డలేమైనా ఉన్నాయేమో గమనించండి. నోరు ఎంత తెరుచుకుంటుందో మూడు వేళ్ళతో చూసుకోండి.

తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలకు మానని పుండు, గడ్డ, కారం తగిలితే మంట, నోరు బిగుసుకుపోవడం, కారణం లేకుండా పన్ను కదలడం, మింగేటప్పుడు బాధ – వీటిలో ఏది కనిపించినా మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కోవద్దు. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. తొలి దశలో నొప్పి ఉండదు. దంత వైద్యుని వద్దకు గాని, ప్రభుత్వ ఆసుపత్రికి గాని వెళ్ళండి. 30 ఏళ్ళు నిండిన వారికి నోటి పరీక్ష చేయడం జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే గనుక మీ ఊరి ఏఎన్ఎంను అడగడం మీ హక్కు. బండి ఆత్మకూరు వారికి నంద్యాల దగ్గరే. 2023 నుండి అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. పెద్ద చికిత్స అవసరమైతే కర్నూలు సర్వజన వైద్యశాల ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలువబడుతున్న పథకం అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స వ్యయాన్ని భరిస్తుంది. ఖర్చు భయంతో ఇంట్లో కూర్చోకండి.

సిగ్గు, పరదా, తవక్కుల్

మన స్త్రీలు నోటి వ్యాధిని దాచుకోవడానికి పరదాను కారణంగా చెబుతారు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు స్త్రీలే. పట్టణాలలో దంత వైద్యురాళ్ళు కూడా ఉన్నారు. స్త్రీ వైద్యురాలు లభించనప్పుడు, అవసరమైన మేరకు పురుష వైద్యునికి చూపించుకోవడం అనుమతించబడినదేనని ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పి ఉన్నారు. భర్తనో, కొడుకునో, అన్ననో వెంట తీసుకుని వెళ్ళండి. వెంట వెళ్ళడం ఆ మగవారి బాధ్యత కూడా.

‘అంతా అల్లాహ్ ఇష్టం, రాసిపెట్టి ఉంటే వస్తుంది’ అనే వారు మరికొందరు. అల్లాహ్ వ్యాధితో పాటు దానికి మందును కూడా ఉంచాడని, అందుచేత చికిత్స చేయించుకోవాలని బోధించినది స్వయంగా దైవప్రవక్త (స). ఒంటెను కట్టివేసి ఆ తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధన కూడా వారిదే. చేతులారా వినాశంలో పడవద్దని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. ఈ దేహం మనకు అప్పగించబడిన అమానతు. దానిని ఎలా వాడుకున్నామని ప్రళయదినాన ప్రశ్నించబడతాము.

పొగాకు విషయంలో పండితులలో కొందరు హరామ్ అన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు. అది హాని చేస్తుందనడంలో ఎవరికీ భేదం లేదు. అయినా మన వలీమాలలో భోజనం ముగిసీ ముగియగానే పళ్ళెంలో పాన్ బీడాలు తిరుగుతాయి. జర్దా వేసినవి పెద్దలకు, తీపివి పిల్లలకు. వక్క రుచి పసి నాలుకకు తొలిసారి తగిలేది చాలావరకు మన శుభకార్యాలలోనే. తదుపరి వివాహం జరిగే ఇంటివారు ఆ పళ్ళెంలో ఖర్జూరాలు, సోంపు పెట్టి చూడండి. అతిథులు నొచ్చుకోరు.

రమజాన్ మాసంలో సహరీ నుండి ఇఫ్తార్ వరకు గుట్కా, బీడీ ముట్టకుండా ఉండగలుగుతున్నాము. అంటే మానడం మన చేతిలో ఉందన్నమాటే. అదే మాసంలో, మగ్రిబ్ నమాజు ముగియగానే మసీదు గేటు దాటి పొట్లం చించే యువకులను కూడా చూస్తున్నాము. ముప్పై రోజులు పగలంతా మానిన వారికి, రాత్రి కూడా మానడానికి కాస్త ఆసరా కావాలి. 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి సలహా ఇస్తారు. ఇంటివారి ఆసరా దానికంటే పెద్దది. దెప్పిపొడవకుండా, మానిన ప్రతి దినాన్నీ గుర్తించి మెచ్చుకోండి.

ఆ వసారాలో

ఆనాడు బండి ఆత్మకూరులో అసర్ నమాజు తరువాత ఆ ఇంటి కొడుకును వసారాలో వెలుగు పడే చోట కూర్చోబెట్టాము. మేము వైద్యులము కాము. అయినా నోరు తెరువమని అడగడానికి వైద్యుడే కానక్కరలేదు. అతడు మొదట నవ్వి తప్పించుకోజూశాడు. లోపలి నుండి తల్లి దగ్గు వినబడింది. ఆ తరువాత నోరు తెరిచాడు. బుగ్గలో బొటనవేలి గోరంత తెల్లటి మచ్చ ఉంది. పళ్ళ మధ్య రెండున్నర వేళ్ళకు మించి పట్టడం లేదు. అతని ఫోనుతోనే ఫోటో తీసి అతనికే చూపించాము. చాలాసేపు దానినే చూస్తూ ఉండిపోయాడు. “ఇంత ఉందా?” అన్నాడు చివరకు.

మిషను ఇక్కడికి వచ్చేదాకా ఆగవద్దని, అది వచ్చినా చివరకు ముక్క పరీక్ష తప్పదని చెప్పి వచ్చాము. పోయిన వారం అతని భార్య ఫోను చేసింది. నంద్యాలకు వెళ్ళారట. ముక్క తీశారట. జేబులో పొట్లం లేకుండా ఇంటికి వచ్చి ఆరు రోజులైందట. ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళే నాటికి పరీక్ష ఫలితం ఇంకా రాలేదు.

ఆ తల్లి కొరకు, ఆ కొడుకు కొరకు దుఆ చేయండి. ఈ పత్రికను పక్కన పెట్టే ముందు మీ ఇంట్లో ఆకువక్క సంచి, గుట్కా పొట్లం ఎవరి దగ్గర ఉందో ఒకసారి ఆలోచించండి. వారిని పగటి వెలుగులోకి పిలిచి నోరు తెరువమని ప్రేమతో అడగండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, దానిని కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.